వర్క్‌షాప్ సంగతి తర్వాత, ముందు ఆ అమ్మాయి సున్నా సరిచేయించండి

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్కారం. నేను రాయలసీమలో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. విద్యార్థులకూ సిబ్బందికీ 'ఏఐ అక్షరాస్యత' మీద మూడు రోజుల వర్క్‌షాప్ పెట్టే పని రిజిస్ట్రార్ గారు నాకు అప్పగించారు. పోయినేడాది బయటి నుంచి వచ్చిన రిసోర్స్ పర్సన్ ఒక్క పూటలో ముప్ఫై నలభై యాప్‌లు చూపించి వెళ్లారు. అందరికీ సర్టిఫికెట్లు వచ్చాయి, మార్పు మాత్రం ఏమీ లేదు. పిల్లల అసైన్‌మెంట్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టు వస్తున్నాయి. సీనియర్లేమో నిషేధించేయమంటున్నారు. ఆఫీసులో ఒకరు ఉత్తరం రాయించుకోవడానికి స్కాలర్‌షిప్ జాబితా మొత్తం, కులం, ఆదాయం, ఆధార్ నంబర్లతో సహా చాట్‌బాట్‌లో పెట్టేశారు. ఇంకో సంగతి. తెలుగు మీడియం నుంచి వచ్చిన ఎం.ఏ. అమ్మాయి సొంతంగా రాసుకున్న సెమినార్ పేపర్‌ని, రాత మనిషిదో యంత్రానిదో చెప్పే డిటెక్టర్ సాఫ్ట్‌వేర్ 'ఏఐ రాసింది' అని చూపించింది. మావాళ్లు సున్నా వేశారు. ఆ అమ్మాయి రఫ్ నోట్సు నేను కళ్లారా చూశాను. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.
– ఒక అధ్యాపకురాలు

సమాధానం: అమ్మా,

మీరు చివర్లో రాసిన సంగతినే ముందు పట్టుకుంటాను. వర్క్‌షాప్ ఒక నెల ఆలస్యమైతే కొంపలేమీ మునగవు. ఆ అమ్మాయి మార్కులు మాత్రం పరీక్షల విభాగానికి చేరకముందే సరికావాలి.

డిటెక్టర్ ఏం చూసి తీర్పు చెబుతుందో మీ శాఖలో ఎవరూ అడిగి ఉండరు. రాతలో ఒక మాట తర్వాత రాబోయే మాటను తేలిగ్గా ఊహించగలిగితే యంత్రం రాసిందనీ, ఊహకు అందకపోతే మనిషి రాశాడనీ చాలా డిటెక్టర్లు లెక్క కడతాయి. ఇంటర్ దాకా తెలుగులో చదివి, ఇప్పుడు ఇంగ్లిష్‌లో రాయాల్సి వచ్చిన పిల్ల ఎలా రాస్తుంది? తనకు గట్టిగా వచ్చిన మాటలతోనే, తప్పు పోకుండా, చిన్న చిన్న వాక్యాల్లో రాస్తుంది. ఆ జాగ్రత్తే డిటెక్టర్ కళ్లకు యంత్రం రాతలా కనిపిస్తుంది.

ఇది నా ఊహ కాదు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్షకు రాసిన 91 వ్యాసాలను 7 డిటెక్టర్ల ముందు పెట్టారు. అన్నీ మనుషులు రాసినవే. సగటున 61 శాతానికి పైగా యంత్రం రాసినవని తేల్చాయి. అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లలు రాసిన వ్యాసాల దగ్గర మాత్రం దాదాపు తప్పు పోలేదు. అవే టోఫెల్ వ్యాసాల్లో మాటలు కాస్త గొప్పగా మార్చమని చాట్‌జీపీటీకి ఇస్తే, డిటెక్టర్లు వాటిలో చాలావాటిని మనిషి రాతగా ఒప్పుకున్నాయి. అంటే నిజాయితీగా రాసిన పిల్ల దొరికిపోయింది, యంత్రంతో మెరుగులు దిద్దించుకున్నవాళ్లు దాటిపోయారు. మన తెలుగు మీడియం పిల్లల మీద ఎంత అన్యాయం జరుగుతోందో మీ సీనియర్లకు ఈ ఒక్క పరీక్ష గురించి చెబితే చాలు.

చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ కూడా 2023 జనవరిలో సొంత డిటెక్టర్ ఒకటి తెచ్చింది. యంత్రం రాసినవాటిలో 26 శాతమే అది పట్టుకునేది. మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని యంత్రానివే అనేది. కచ్చితత్వం చాలడం లేదని అదే ఏడాది జులైలో తీసేశారు. ఆ యంత్రాన్ని కన్నవాళ్లే దాని రాతను గుర్తుపట్టలేకపోయినప్పుడు మనం సున్నాలు ఏ ధైర్యంతో వేస్తున్నాం?

మీవాళ్లు ఇంకోటి కలగలిపి ఉండొచ్చు. యూజీసీ 2018 నిబంధనల్లో ఉన్న 10 శాతం, 40 శాతం, 60 శాతం గీతలు వేరేవాళ్ల రాతతో పోలికకు సంబంధించినవి, అంటే కాపీ ఎంతుందో చెప్పేవి. ఏఐ శాతం వేరే లెక్క. ఆ గీతల్ని తెచ్చి దీనికి పెట్టకూడదు. ఈ ముక్క మీ డీన్ గారికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ అమ్మాయిని రఫ్ నోట్సుతో పిలిపించి, పది నిమిషాలు కూర్చోబెట్టి, ఈ టేబుల్ ఎక్కడి నుంచి తీసుకున్నావు, ఈ వాదన ఎందుకు ఒప్పుకోలేదు అని అడగమనండి. సొంతంగా రాసినవాళ్లు మొదటి ప్రశ్నకు తడబడినా రెండో ప్రశ్నకు కుదురుకుంటారు. ముప్ఫై ఏళ్లు వైవాలు చేశాను, ఇందులో నాకు అనుమానం లేదు.

ఇక అక్షరాస్యత. యాప్‌ల పేర్లు తెలిసి ఉండటాన్నే అందరూ అక్షరాస్యత అనుకుంటున్నారు. మీ దగ్గరికి వచ్చినాయన చూపించిన నలభైలో సగం ఈపాటికి మారిపోయో మూతపడో ఉంటాయి. నా దృష్టిలో దీనికి ఒకటే మొదటి పాఠం. ఎవరికి ఏది క్షుణ్ణంగా తెలుసో అదే యంత్రాన్ని అడగాలి. తెలిసిన చోట అది ఎలా తప్పుతుందో కళ్లారా చూసినవాళ్లే తెలియని చోట జాగ్రత్తపడతారు. ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను.

ఒక డిగ్రీ కాలేజీలో అధ్యాపకులతో కూర్చున్నాం. తెలుగు చెప్పే మాస్టారు ఒకాయన వెనక బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. రిటైర్మెంటుకు ఇంకా ఏడాదుంది. ఇదంతా నాకెందుకమ్మా అన్నారు. మాస్టారూ, మీరే ఏదో ఒకటి అడగండి అన్నాను. నీటి పొదుపు మీద ఆటవెలదిలో పద్యం చెప్పమనండి అన్నారు. తెర మీద పది క్షణాల్లో నాలుగు పాదాలు వచ్చాయి. కింద, ఛందస్సు, యతి నియమాలు పాటించి రాసినట్టు ఒక హామీ కూడా ఉంది. కుర్ర లెక్చరర్లు చప్పట్లు కొట్టారు.

మాస్టారు లేచి బోర్డు దగ్గరికి వచ్చి, మొదటి పాదం రాసి, ఒక్కో అక్షరం నెత్తిన గురువులూ లఘువులూ పెట్టుకుంటూ పోయారు. ఆటవెలది మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, ఆ పైన రెండు ఇంద్రగణాలు ఉండాలి. రెండో గణం దగ్గరే సూర్యగణం ఉండాల్సిన చోట భగణం పడింది. రెండో పాదంలో ఐదు సూర్యగణాలు రావాలి, నాలుగుతో ఆగిపోయింది. యతి అసలు లేదు. ఆయన చెప్పిన తప్పుల్ని నేను టైపు చేశాను. క్షమించండి, మీరు చెప్పింది సరైనదే అంటూ ఇంకో పద్యం ఇచ్చింది. అందులోనూ గణాలు తప్పాయి.

అప్పుడు మాస్టారు ఇంకో ప్రశ్న వేయించారు. ఆటవెలది రెండో పాదంలో గణాలెన్ని? ఐదు సూర్యగణాలని సరిగ్గానే చెప్పింది. కాదు, ఆరు అని టైపు చెయ్యమ్మా అన్నారు. చేశాను. క్షమించండి, మీరన్నది నిజమే, ఆరు అంది.

గది నిశ్శబ్దమైపోయింది. సూత్రం తెలుసు, పద్యంలో పెట్టడం రాలేదు. సరైన జవాబు చెప్పింది, గట్టిగా కాదంటే వదిలేసింది. అక్కడున్న ఇరవై మందికీ ఈ రెండూ జన్మలో మర్చిపోలేనంతగా అర్థమయ్యాయి. నేను స్లైడ్లు వేసి గంటసేపు చెప్పినా అలా ఎక్కేది కాదు. తర్వాతి వారం క్లాసు మాస్టారే తీసుకున్నారు. మీరు నిషేధించమంటున్నారని రాసిన సీనియర్లు ఉన్నారు చూడండి, మీకు అసలైన బలం వాళ్లే. వాళ్లకున్న విషయ పరిజ్ఞానం మీ కుర్రవాళ్ల చేతివేగం కంటే ఈ పనికి ఎక్కువ అక్కరకొస్తుంది. నేర్చుకోవడానికి రండి అని కాకుండా, పరీక్షించి పెట్టండి అని పిలవండి.

ఇప్పుడొస్తున్న మోడళ్లు అప్పటికంటే మెరుగు. రేపు మీ దగ్గర పద్యం సరిగ్గానే రావచ్చు. అందుకే తప్పుల జాబితా బట్టీ పట్టించకండి, పరీక్షించే అలవాటు నేర్పండి. అన్నం ఉడికిందో లేదో చూడటానికి మనం ఒక్క మెతుకు పట్టుకుని చూస్తాం. ఈ యంత్రం దగ్గర ఆ లెక్క చెల్లదు. ఇక్కడ ఒక మెతుకు మెత్తగా ఉడికి, పక్కనున్నది పలుకుగా ఉంటుంది. జీడీపీ నిర్వచనం చక్కగా చెప్పిన నోటితోనే లేని పుస్తకం పేరు, దానికో పేజీ నంబరు కూడా చెబుతుంది.

ఎందుకిలా అని మీ విద్యార్థులు అడుగుతారు, అడగాలి కూడా. కోట్లాది పేజీల రాతల్లో ఏ ముక్క తర్వాత ఏ ముక్క వస్తుందో నేర్చుకుని, ఒక్కో ముక్కనే అల్లుకుంటూ పోయే పని అది. నిజమా కాదా అని సరిచూసుకునే మెట్టు ఆ అల్లికలో దానంతటది ఉండదు. ఇప్పుడు కొన్ని చాట్‌బాట్‌లు ఇంటర్నెట్‌లో వెతికి లింకులు కూడా ఇస్తున్నాయి. అయినా లింకు తెరిచి, ఆ మాట నిజంగా ఆ పేజీలో ఉందో లేదో చూసే పని మనదే. 2023లో న్యూయార్క్‌లో విమాన సంస్థ మీద వేసిన ఒక కేసులో లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పుల్ని అలాగే కోర్టుకు సమర్పించారు. అసలు లేని కేసులవి. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. అందులో ఒక లాయరు, అవి నిజమైనవేనా అని ఆ చాట్‌బాట్‌నే అడిగి, ఔనంటే నమ్మారు. మీ ఎం.ఏ. విద్యార్థులకు ఆ చివరి సంగతి నొక్కి చెప్పండి.

తెలుగు విషయంలో ఇంకో మెలిక ఉంది, దీన్ని బోర్డు మీద వేసి చూపించండి. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్ లోపల అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని 6 సంకేతాలు. మామూలుగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. ఇంగ్లిష్ అక్షరమైతే ఒక్కోదానికి ఒక్క బైటే. ఆ యంత్రం మాటల్ని టోకెన్లనే ముక్కలుగా మింగుతుంది. తెలుగు మాట ఎక్కువ ముక్కలవుతుంది, పైగా అది చదువుకున్న రాతల్లో తెలుగు వాటా చిన్నది. గురువూ లఘువూ దానికి కనపడకపోవడానికి ఇదీ ఒక కారణమే. కాబట్టి మీ పిల్లలు ఒకే ప్రశ్నను తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్‌లో ఒకసారి అడిగి, రెండు జవాబుల్నీ పక్కపక్కన పెట్టి తేడాలు రాయాలి. రెండు భాషలూ వచ్చిన పిల్లలకే ఈ పరీక్ష చేతనవుతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చామని వెనక కూర్చునే పిల్లలు ఆ గంటలో ముందుకు వస్తారు.

మీ సబ్జెక్టులో ఏం చేయొచ్చో చెబుతాను. టమాటా ధరల మీద వ్యాసం రాయమంటే అరవై మంది ఒకే వ్యాసం తెస్తారు. దాని బదులు మదనపల్లె మార్కెట్ యార్డుకో, మీకు దగ్గర్లో ఉన్న యార్డుకో వెళ్లి మూడు రోజులు బాక్సు ధర రాసుకురమ్మనండి. ముగ్గురు రైతుల్ని, ఒక మండీవాళ్లని అడగమనండి. ఆ తర్వాత ధర ఎందుకు పడిందో చాట్‌బాట్‌ని అడగమనండి. డిమాండు, సరఫరా, వర్షాలు అని చెబుతుంది. ఆ రోజు బయటి రాష్ట్రం లారీలు ఎన్ని వచ్చాయో, కమీషన్ ఎంత కోశారో దానికి తెలియదు, మీ విద్యార్థికి తెలుసు. చాట్‌బాట్ చెప్పినదాంట్లో ఏది యార్డులో కనపడింది, ఏది కనపడలేదు అన్నదే అసైన్‌మెంటు. ఇలాంటిదానికి డిటెక్టర్ అక్కర్లేదు. దిద్దడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, నిజమే. కానీ ఒకే వ్యాసాన్ని అరవై సార్లు చదివే నీరసం ఉండదు.

ప్రతి అసైన్‌మెంటు చివర నాలుగు వరుసలు రాయించండి. ఏఐని వాడానా, ఏమడిగాను, ఏది ఉంచాను, ఏది మార్చాను. నిజం రాసినందుకు ఒక్క మార్కు కూడా తగ్గించనని ముందే మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. మొదటిసారి ఎవరూ రాయరు. ఒకరిద్దరు రాసి, వాళ్లకు ఏ హానీ జరగలేదని తెలిశాక అందరూ రాస్తారు. భయం ఉన్నంతకాలం మీకు అబద్ధాలే అందుతాయి.

మరి పరీక్షలు? సిడ్నీ విశ్వవిద్యాలయం రెండు దారుల పద్ధతి పెట్టుకుంది. విద్యార్థికి సొంతంగా ఎంతొచ్చో తేల్చాల్సినవి ఎదురుగా, పర్యవేక్షణలో జరుగుతాయి. మిగతావాటిలో ఏఐ వాడకాన్ని ఒప్పుకుని, ఎలా వాడాలో నేర్పుతారు. మన దగ్గర రాత పరీక్ష, వైవా ఎటూ ఉన్నాయి కనుక మొదటి దారికి ఇబ్బంది లేదు. రెండోది కొత్తగా వేసుకోవాలి. నిషేధం మాట మళ్లీ వస్తే, 2024 జూన్ నుంచి మన దేశంలో వాట్సాప్‌లోనే మెటా ఏఐ ఉందని సీనియర్లకు గుర్తుచేయండి. దాని గుర్తైన ఆ వలయం వాళ్ల ఫోన్లలోనూ ఉంది.

ఆఫీసు సిబ్బందిని విద్యార్థులతో కలిపి కూర్చోబెట్టకండి. వాళ్ల అవసరాలు వేరు, వాళ్ల చేతుల్లో ఉన్న ప్రమాదమూ వేరు. ఆ ఉద్యోగిని నలుగురిలో నిలదీయవద్దని నా మనవి. ఆ మనిషికి ఎవరూ చెప్పలేదు. శాంసంగ్ లాంటి కంపెనీలోనే ఇంజినీర్లు సంస్థ రహస్య కోడ్‌ని చాట్‌జీపీటీలో పెట్టారు, 2023లో ఆ కంపెనీ ఉద్యోగులకు దాన్ని నిషేధించింది. మన ఆఫీసులో ఉన్నది కోడ్ కాదు, బీద పిల్లల కులం, ఆదాయం, ఆధార్. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ వివరాలు భద్రంగా ఉంచే బాధ్యతను సంస్థ మీద పెట్టింది. ముందు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ చాట్‌ను తొలగించండి, ఆ ఖాతా సెట్టింగుల్లో మన చాట్‌లతో ఆ ఏఐకి శిక్షణ ఇవ్వడాన్ని ఆపేయండి. జరిగింది రిజిస్ట్రార్ గారికి కాగితం మీద తెలియజేయండి. తొలగించినంత మాత్రాన సమాచారం పూర్తిగా వెనక్కి వచ్చినట్టు కాదని కూడా అందులో రాయండి.

తర్వాత ఆయనకు పనికొచ్చేది నేర్పండి. జాబితా పెట్టకుండానే ఉత్తరం నమూనా రాయించుకోవచ్చు. పేరు ఉండాల్సిన చోట ఖాళీ పెట్టించుకుని, వర్డ్‌లో మెయిల్ మెర్జ్‌తో జాబితాను కలుపుకోవచ్చు. అప్పుడు పిల్లల వివరాలు ఆఫీసు కంప్యూటర్ దాటవు. ఎక్సెల్ ఫార్ములా కావాలంటే ఉత్తుత్తి పేర్లతో మూడు వరుసలు తయారుచేసి అడగొచ్చు. ఇంగ్లిష్ సర్క్యులర్‌ని తెలుగు చేయించుకుని, ఒకసారి చదివి దిద్దుకోవచ్చు. సాయంత్రం ఏడింటిదాకా కూర్చుని చేసే పని ఐదింటికి ముగిస్తే ఆ ఉద్యోగే మిగతావాళ్లకు నేర్పుతారు. ప్రతి టేబుల్ మీదా ఒక్క కాగితం అంటించండి: పేరు, హాల్ టికెట్ నంబరు, ఆధార్, ఫోన్, కులం, ఆదాయం, మార్కులు, ఇవి చాట్‌బాట్‌లో పెట్టకూడదు.

మూడు రోజుల సంగతి. వరసగా మూడు రోజులు చెబితే నాలుగో రోజుకు మర్చిపోతారు. రిజిస్ట్రార్ గారిని అడిగి, అదే గంటల్ని ఎనిమిది తొమ్మిది వారాల మీద పంచండి. వారానికి ఒక పూట, రెండేసి గంటలు. మొదటి రెండు వారాలు అధ్యాపకులకే ఉంచండి, ఎందుకంటే వాళ్లకు నేర్పకుండా పిల్లలకు నేర్పితే రెండు వైపులా అనుమానాలు పెరుగుతాయి. ఆఫీసువాళ్లకు ఒక పూట చాలు, కానీ నెల తర్వాత మళ్లీ కూర్చోండి. హాస్టల్లో ముగ్గురికి ఒక ఫోనుతో సర్దుకునే ఆడపిల్లలుంటారు, డబ్బు కట్టి మెరుగైన వెర్షన్ వాడేవాళ్లూ ఉంటారు. మీ క్లాసులో అందరూ ఉచితంగా దొరికేదే వాడాలి, లైబ్రరీ కంప్యూటర్లు సాయంత్రం తెరిచి ఉంచాలి. ఈ రెండూ పట్టుబట్టి సాధించండి.

పైవాళ్లు ప్రమాణాలేవని అడిగితే చూపించడానికి కాగితాలున్నాయి. యునెస్కో 2024లో విద్యార్థులకు 12, ఉపాధ్యాయులకు 15 సామర్థ్యాలతో రెండు చట్రాలు (ఫ్రేమ్‌వర్క్‌లు) ప్రకటించింది. బ్రిటన్‌లో రస్సెల్ గ్రూపు అనే కూటమిలోని 24 విశ్వవిద్యాలయాలు 2023లోనే ఐదు సూత్రాలు ఒప్పుకున్నాయి, వాటిలో విద్యార్థులతో పాటు సిబ్బందికి కూడా ఏఐ అక్షరాస్యత కల్పించాలన్నది మొదటిది. సొంతంగా చదువుకుంటామనే పిల్లలకు హెల్సింకీ విశ్వవిద్యాలయం 2018లో మొదలుపెట్టిన 'ఎలిమెంట్స్ ఆఫ్ ఏఐ' ఉచిత కోర్సు చెప్పండి. మొదటి భాగానికి కోడింగ్ అక్కర్లేదు.

ఆ అమ్మాయి మార్కులు సరయ్యాక, తను ఒప్పుకుంటేనే, విద్యార్థుల మొదటి క్లాసులో రఫ్ నోట్సు తెచ్చి పేపర్ ఎలా రాసిందో చెప్పమనండి. ఒప్పుకోకపోతే బలవంతం చేయకండి. మీ తెలుగు శాఖలో ఎవరినైనా పరీక్షకు పిలిస్తే, వాళ్లు పట్టుకున్న మొదటి తప్పు ఏమిటో నాకు తప్పకుండా రాయండి.